అడవి పరుగు - సమ్యక్ వ్యాయామం

ఆర్య అష్టాంగ మార్గంలో ఆరవది సమ్యక్ వ్యాయామం. పాళీలో సమ్మా వాయామో అంటారు. ఈ మాట చెప్పగానే మన పిల్లలు నవ్వుతారు. వ్యాయామం అంటే వాళ్లకి తెలిసింది బడిలో డ్రిల్లు పీరియడు. ధమ్మంలో ఆ మాటకి ప్రయత్నం అని అర్థం. చెడు మనసులోకి రాకుండా చూసుకోవడం, వచ్చిన చెడుని వదిలించుకోవడం, లేని మంచిని పుట్టించుకోవడం, పుట్టిన మంచిని నిలబెట్టుకోవడం - ఈ నాలుగూ కలిస్తే సమ్యక్ వ్యాయామం.

వినడానికి ఈ రెండు అర్థాలూ వేరుగా ఉన్నా, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే దగ్గరివే. ఒళ్లు అలిసిపోయినప్పుడు మన మనసు ఎలాంటిదో మనకే బయటపడుతుంది. అందుకని ఈసారి పరుగు గురించి చెప్పుకుందాం. గ్రౌండులో నాలుగు రౌండ్ల పరుగు గురించి కాదండీ, అడవిలో, కొండదారిలో, పొద్దున మొదలెట్టి చీకటి పడేదాకా సాగే పరుగు గురించి.

దీన్ని ట్రైల్ రన్నింగ్ అంటున్నారు. 30, 50, 80, 100 కిలోమీటర్లు - ఎవరి ఓపికని బట్టి వాళ్లు పేరిస్తారు. కర్ణాటకలో కాఫీ తోటల మధ్య మల్నాడ్ అల్ట్రా అని ఒకటి జరుగుతుంది. యూరప్‌లో మౌంట్ బ్లాంక్ కొండ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా 2003 నుంచి జరిగే పరుగు దాదాపు 170 కిలోమీటర్లు. దానికి గడువు నలభై ఆరున్నర గంటలు. ఈ సరదా ఇప్పుడు మన పట్నాల కుర్రాళ్లకీ అంటుకుంది.

మన పేటల్లో పరుగు కొత్తేమీ కాదు. తెల్లారగట్ల నాలుగున్నరకి కాలవ గట్టు మీదకి వెళ్లి చూడండి. కానిస్టేబులు సెలక్షన్లలో 1600 మీటర్లు గట్టెక్కాలని మన పిల్లలు పరిగెడుతూ కనపడతారు. వాళ్లలో ఒకడు రేపు ఇంటికొచ్చి "నాన్నా, మన్యం కొండల్లో యాభై కిలోమీటర్లు పరిగెడతాను" అన్నాడనుకోండి. ఇంట్లో ఏమంటారు? "తిన్నది అరక్కా?" అంటారు. పొద్దస్తమానం చేలో వంగి ఊడ్చిన ఒంటికి, బస్తాలు మోసిన భుజానికి మళ్లీ పరుగెందుకని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. దానికి ధమ్మం ఏం జవాబిస్తుందో చూద్దాం.

దారి మీద నడవడమే పోరాటమైన చోట

మనవాళ్లు పరిగెత్తని రోజంటూ లేదు. కానీ ఆ పరుగు మన ఇష్టప్రకారం సాగింది కాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మనవాళ్లని పొలాలకి అడ్డంపడి తరిమారు. పరిగెత్తినవాళ్లలో ఎనిమిది మందిని చంపారు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని గట్ల మీద పరిగెత్తిన జాతి మనది. ఆ సంగతి మరిచిపోయి పరుగుని ఉత్త సరదాగా మాట్లాడుకోలేం.

దారి కూడా మనకి ఊరికే రాలేదు. కేరళలోని వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవనివ్వమని 1924, 25 సంవత్సరాల్లో సత్యాగ్రహం చేయాల్సొచ్చింది. గుడిలోకి రానివ్వమని కాదు, రోడ్డు మీద నడవనివ్వమని! 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందిని వెంటబెట్టుకుని మహాడ్‌లో చౌదార్ చెరువు దాకా నడిచి నీళ్లు తాగారు. ఆ తరవాత రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు "రోడ్లు" అన్న మాట కూడా చేరింది. కులం పేరుతో రోడ్డు మీద ఎవరినీ ఆపకూడదని ఒక దేశం తన రాజ్యాంగంలో రాసుకోవాల్సి వచ్చిందంటే, ఆ రోడ్డు మీద వేసే ఒక్కో అడుగు విలువ ఎంతో ఆలోచించండి.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్ల మధ్య కామ్రేడ్స్ మారథాన్ అనే పరుగు 1921లో మొదలైంది. సుమారు 90 కిలోమీటర్లు, రోడ్డు మీద పరుగు. నల్లవాళ్లకి అందులో చోటు లేదు. 1935లో రాబర్ట్ మ్త్‌షాలి అనే నల్లజాతి మనిషి ఎవరి అనుమతీ లేకుండా పరిగెత్తి, తొమ్మిదిన్నర గంటల్లో ఆ చివరికి చేరాడు. ఆయన పేరు లెక్కలో రాయలేదు, పతకం ఇవ్వలేదు. నల్లవాళ్లకీ ఆడవాళ్లకీ అధికారికంగా తలుపు తెరిచింది 1975లో. 1989లో శామ్ త్షబలాలా ఆ పరుగు గెలిచిన మొదటి నల్లజాతి మనిషయ్యాడు. 2019లో అదే పరుగులో రాబర్ట్ మ్త్‌షాలి పేరు మీద ఒక పతకమే పెట్టారు. ఆయన పరుగుని గుర్తుచేసుకునే ఆ పతకం 84 ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

కాబట్టి మన బిడ్డ భయంతో కాకుండా, ఆకలి కోసం కాకుండా, తన ఇష్టంతో ఒక కొండదారి పట్టుకుని పరిగెడతానంటే, దాన్ని తిన్నదరక్క చేసే పని అనకండి. తాతని తరిమిన దారి మీద మనవడు తన లెక్కన తాను పరిగెడుతున్నాడు. అది స్వేచ్ఛ. అయితే దొరికిన స్వేచ్ఛని ఎలా వాడుకోవాలన్నది తరవాతి ప్రశ్న. ధమ్మం పని అక్కడ మొదలవుతుంది.

సోణుడి పాదాలు

వినయ పిటకంలో సోణ కోళివీసుడి కథ ఉంది. చంపా నగరంలో గొప్ప ధనవంతుడి కొడుకు. నేల మీద కాలు పెట్టకుండా పెరిగినవాడు. ఎంత సుకుమారమంటే అతని అరికాళ్ల మీద వెంట్రుకలు మొలిచాయట. ఆ పాదాలు చూడాలని బింబిసార రాజు కబురు పెట్టి పిలిపించుకున్నాడు. అలాంటివాడు బుద్ధ భగవానుడి బోధ విని భిక్షువయ్యాడు. రాజగృహం దగ్గర సీతవనం అనే అడవిలో ఉంటూ, వట్టి కాళ్లతో అదేపనిగా అటూ ఇటూ నడుస్తూ సాధన చేశాడు. పాదాలు పగిలాయి. నడిచిన దారంతా రక్తం. అంత చేసినా మనసు నిలవలేదు. "భగవానుడి శిష్యుల్లో నా అంత కష్టపడేవాడు లేడు, అయినా నాకు ఏమీ దక్కలేదు. ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుంటూ బతకడమే మేలు" అనుకున్నాడు.

భగవానుడు ఆ అడవికి వచ్చాడు. ఆ నెత్తురు మరకలు చూశాడు. సోణుణ్ణి కోప్పడలేదు, శభాష్ అని మెచ్చుకోనూ లేదు. "ఇంటి దగ్గర ఉన్నప్పుడు నువ్వు వీణ బాగా వాయించేవాడివి కదా?" అని అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? పలకదు. మరీ వదులుగా ఉంటే? అప్పుడూ పలకదు. మరెప్పుడు పలుకుతుంది? సమంగా ఉన్నప్పుడు. ప్రయత్నం కూడా అంతే. మరీ ఎక్కువైతే మనసు కుదురు తప్పుతుంది, మరీ తక్కువైతే బద్ధకం పడుతుంది. సమానమైన వీర్యాన్ని పట్టుకో అని చెప్పాడు.

పరుగు నేర్చుకునే ప్రతి మనిషీ ముందు వినాల్సిన కథ ఇది. మొదటి రోజే పది కిలోమీటర్లు పరిగెత్తి మోకాలు పట్టేసి వారం మంచమెక్కేవాడి తీగ బిగుసుకుపోయింది. రేపు చూద్దాంలే అని దుప్పటి ముసుగేసుకునేవాడి తీగ వదులైపోయింది. అడవి పరుగులో ఆరితేరినవాళ్లు ఎత్తు వచ్చినప్పుడు పరిగెత్తరు, చేతులు తొడల మీద ఆనించుకుని నడుస్తారు. చదును వస్తే పరిగెడతారు, పల్లం వస్తే మడమ చూసుకుని చిన్న చిన్న అడుగులు వేస్తారు. దారి ఎలా ఉంటే ప్రయత్నం అలా మారుతుంది. నడిచినందుకు అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు.

జపాన్‌లో హియే కొండ మీద తెండై శాఖ భిక్షువులు కొందరు ఏడేళ్లలో వెయ్యి రోజులు అడవిదారుల్లో తిరిగే దీక్ష చేస్తారు. మొదటి ఏళ్లలో రోజుకి 30 కిలోమీటర్లు, చివరి ఏడాది ఒక వంద రోజులు రోజుకి 84 కిలోమీటర్లు. మధ్యలో తొమ్మిది రోజులు తిండి, నీళ్లు, నిద్ర, నడుం వాల్చడం ఏదీ ఉండదు. దీక్ష పూర్తి చేయలేనివాడు ప్రాణం తీసుకోవాలని పాతకాలం ఆచారం, అందుకు నడుముకి కత్తి కట్టుకుని వెళతారు. వాళ్ల పట్టుదలకి ఆశ్చర్యపోతాం. కానీ ఆరేళ్లు ఒంటిని ఎండగట్టి, అది దారి కాదని తెలుసుకుని, సుజాత ఇచ్చిన పాయసం తాగి లేచిన సిద్ధార్థుడి మార్గం ఇది కాదు. పూర్తి చేయకపోతే చావాలి అనే మాట మధ్యేమార్గంలో లేదు.

ఈ మాట ఒక జపాన్ కొండ కోసం చెప్పడం లేదు. సెలక్షన్లలో నాలుగు సెకన్ల తేడాతో పోయి, ఊళ్లో మొహం చూపించలేక గదిలో తలుపేసుకున్న పిల్లాడు మన పేటలోనే ఉన్నాడు. వాడి నడుముకి కూడా ఆ కత్తే కట్టి ఉంది. కంటికి కనపడదు, అంతే. ఆ కత్తి కట్టింది మనమే. "ఇది కొట్టకపోతే నువ్వెందుకు పనికొస్తావు" అన్న మాటతో కట్టాం. ఆ ముడి విప్పడం కూడా మన చేతుల్లోనే ఉంది.

చెప్పులు ఒక్కడికేనా?

సోణుడి కథ అక్కడితో అయిపోలేదు. సమానమైన ప్రయత్నం పట్టుకుని అతడు అర్హతుడయ్యాక, అతని లేత పాదాలు చూసి భగవానుడు "నువ్వు చెప్పులు వేసుకో" అని అనుమతిచ్చాడు. సోణుడు ఒప్పుకోలేదు. బండ్లకొద్దీ బంగారం, ఏనుగులు వదిలేసి వచ్చినవాణ్ణి, ఇప్పుడు నాకొక్కడికే చెప్పులంటే జనం ఏమనుకుంటారు, సంఘం మొత్తానికి అనుమతిస్తే నేనూ వేసుకుంటాను అన్నాడు. భగవానుడు సంఘం మొత్తానికి ఒకే అట్ట ఉన్న చెప్పులు అనుమతించాడు. భిక్షువుల కాళ్లకి చెప్పులు అలా వచ్చాయి.

ఈ కథ మనం చదివినట్టు ఇంకొకరు చదవలేరు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ మనిషి, పెద్ద వీధి రాగానే తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాల్సిన దేశం ఇది. తోలు శుభ్రం చేసింది మనం, అట్ట కోసింది మనం, ముళ్లమీద నడిచింది మనం. అలాంటి మనకి ఒక్క సౌకర్యం దొరికినప్పుడు సోణుడిలాగా "నాకొక్కడికేనా?" అని అడగడం రావాలి. అంబేద్కరిజంలో సంఘం అనే మాటకి అర్థం ఇదే.

ఈ పరుగుల్లో ఖర్చు చిన్నదేమీ కాదు. రుసుము వేలల్లో ఉంటుంది, బూట్లు ఇంకొన్ని వేలు. అవి లేకపోతే పరుగే లేదనుకోకండి. మెక్సికో కొండల్లో రారామురి అనే ఆదివాసులున్నారు. 1993లో అమెరికాలో లెడ్‌విల్ అనే ఊళ్లో జరిగిన 100 మైళ్ల కొండ పరుగుకి వాళ్లు పాత టైరు ముక్కలు కోసి తోలుతాడు కట్టుకున్న చెప్పులతో వచ్చారు. గెలిచినవాడు విక్టోరియానో చూర్రో, వయసు 55. అదే జాతి అమ్మాయి లొరేనా రమీరెజ్ 2017లో లంగా, చెప్పులతో 50 కిలోమీటర్ల పరుగు గెలిచింది. మన నాన్నలు వేసుకున్న టైరు చెప్పులకి ఇవి చుట్టాలే! బూట్లున్న కాలు మంచిదే, మడమకి రక్షణ. కానీ ఒక కొత్త జత కొనుక్కున్నవాడు పాత జత ఇంకొక పిల్లాడికి ఇచ్చాడా లేదా అన్నది సోణుడి ప్రశ్న.

అడవిలో నాలుగు ప్రయత్నాలు

రాజమండ్రి నుంచి రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళితే మన డెల్టా చదును అయిపోయి ఘాటీ మొదలవుతుంది. గట్టు మీద పరుగు వచ్చినంత మాత్రాన ఆ కొండ లొంగదు. అలాంటి దారిలో పరిగెత్తేవాడికి సమ్యక్ వ్యాయామం నాలుగు భాగాలూ ఎలా పనికొస్తాయో చూడండి.

మొదటిది, రాని చెడుని రానివ్వకపోవడం. ఇది ఇంటి దగ్గరే జరగాలి. దూరం వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. జ్వరం ఉన్నప్పుడు పరిగెత్తకూడదు. ఏజెన్సీలో మలేరియా ఉంటుంది కాబట్టి దోమల జాగ్రత్త తీసుకోవాలి. వెంట నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ గాని ఓఆర్‌ఎస్ గాని, ఒక ఈల, ఒక తల లైటు ఉంచుకోవాలి. నీళ్లు తక్కువైతే వడదెబ్బ. అలాగని ఉప్పు లేకుండా వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగినా ఒంట్లో సోడియం పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. ఇక్కడ కూడా వీణ తీగే! నొప్పి తెలియకుండా మాత్రలు మింగి పరిగెత్తితే, నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. సెలక్షన్లకి ముందు ఎవడో ఇచ్చిన ఇంజెక్షన్ తీసుకునే అలవాటు ఐదో శీలానికి పక్కా విరుద్ధం.

రెండోది, వచ్చిన చెడుని వదిలించుకోవడం. ఇరవై, ముప్పై కిలోమీటర్లు దాటాక కాళ్లకంటే ముందు మనసు మాట్లాడుతుంది. దాటిపోయినవాడి మీద ఈర్ష్య పుడుతుంది. "నీ వల్ల కాదురా, నీకెందుకిది" అని లోపల ఒక గొంతు వినపడుతుంది. మన పిల్లలు ఆ గొంతుని జాగ్రత్తగా వినాలి. అది మీ గొంతు కాదు. బడిలో వెనక బెంచీ మీద కూచోబెట్టినవాడిది, "మీకు చదువెందుకురా" అన్నవాడిది. వేల ఏళ్లుగా మన చెవిలో పోసింది లోపల నిలవుండి, ఒళ్లు అలిసినప్పుడు పైకి తేలుతుంది. దానితో వాదించొద్దు. "ఇది ఒక తలపు, వచ్చింది, పోతుంది" అని గమనించి తరవాతి అడుగు వేయండి. నొప్పిని కూడా అలాగే చూడాలి. అలసట వేరు, గాయం వేరు. అలసట తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. గాయం ఒకేచోట నిలబడి అడుగడుక్కీ పెరుగుతుంది. వేదనని వేదనగా చూడమని సతిపట్ఠానంలో చెప్పింది ఈ తేడా తెలియడానికే.

మూడోది, లేని మంచిని పుట్టించుకోవడం. సన్నటి దారిలో వెనకవాడికి పక్కకి జరిగి చోటివ్వడం, కాలు మెలికపడి కూచున్నవాడి దగ్గర ఆగడం, నీళ్లందించిన పిల్లని కళ్లలోకి చూసి థాంక్స్ చెప్పడం. మైత్రి అంటే కళ్లు మూసుకుని తలుచుకునేది మాత్రమే కాదు.

నాలుగోది, పుట్టిన మంచిని నిలబెట్టుకోవడం. ఆదివారం పరుగు అయిపోతుంది. సోమవారం ఏం మిగిలింది? పొద్దున్నే లేచే అలవాటు మిగిలిందా? మందు మానడం మిగిలిందా? బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో దశ పారమితలు ఆచరిస్తామన్నది ఒకటి. ఆ పదిలో వీర్యం ఉంది, క్షాంతి ఉంది. ఓర్చుకోవడం, పూనుకోవడం రెండూ పతకంతో పాటు గోడకి తగిలించేవి కాదు.

భగవానుడు చంక్రమణం అంటే నడక సాధన వల్ల ఐదు లాభాలు చెప్పాడు. దూర ప్రయాణానికి ఓపిక వస్తుంది, కష్టానికి తట్టుకుంటాం, జబ్బులు తగ్గుతాయి, తిన్నది బాగా అరుగుతుంది, కుదిరిన సమాధి ఎక్కువ కాలం నిలుస్తుంది. "తిన్నది అరక్కా?" అని అడిగిన నాన్నకి జవాబు ఇందులోనే ఉంది!

పరిగెత్తేవాడు, ఆగినవాడు

అడవిలో జరిగిన ఒక పరుగు కథ మనందరికీ తెలుసు. అంగుళిమాలుడు కత్తి పట్టుకుని భగవానుడి వెంటపడ్డాడు. భగవానుడు మామూలుగా నడుస్తున్నాడు. ఇతడు ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి పరిగెత్తుతున్నాడు. అందుకోలేకపోయాడు. "ఆగు!" అని అరిచాడు. "నేను ఎప్పుడో ఆగాను. నువ్వే ఆగలేదు" అని భగవానుడు చెప్పాడు. హింసని వదిలినవాడు ఆగినట్టు, వదలనివాడు ఇంకా పరిగెడుతున్నట్టు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ కథకి చోటిచ్చారు.

పరుగుకి పేరిచ్చే ముందు మిమ్మల్ని మీరు అడగండి. నేను దేని వెంట పడుతున్నాను? ఎవరికో చూపించాలని పరిగెడుతున్నానా? ఎవరో అన్న మాట ఇంకా తరుముతోందా? అలాంటి పరుగుకి గీత అంటూ ఉండదు. వంద కిలోమీటర్లు పూర్తయినా లోపల ఆగదు.

ఆగడం కూడా సమ్యక్ వ్యాయామమే. ప్రతి పరుగులోనూ గడువు చాలక కొందరు, కాలు బెణికి కొందరు మధ్యలో మానేస్తారు. తల తిరుగుతున్నప్పుడు, మాట తడబడుతున్నప్పుడు, మూత్రం ముదురు రంగులో వస్తున్నప్పుడు ఆగి చెప్పడం ధైర్యం. ఆగినవాణ్ణి వెక్కిరించేవాడికి ప్రయత్నమంటే ఏమిటో ఇంకా తెలియదు.

అందరికంటే వెనక వచ్చేవాడు

ఈ పరుగుల్లో ఒక పని ఉంది. అందరికంటే వెనక ఒకరిద్దరు వలంటీర్లు వస్తారు. ఆఖరి మనిషి ఎంత నెమ్మదిగా నడిస్తే వాళ్లూ అంత నెమ్మదిగా నడుస్తారు. దారి తప్పినవాళ్లని వెతుకుతారు. చెట్లకి కట్టిన గుర్తు రిబ్బన్లు విప్పుతారు, పడేసిన కాయితాలు, సీసాలు ఏరతారు. వాళ్లు చేరితేనే పరుగు ముగిసినట్టు లెక్క. వాళ్లని ఏమంటారో తెలుసా? స్వీపర్లు.

ఆ మాట వినగానే మనకి మనసు చివుక్కుమంటుంది. మన అమ్మల, నాన్నల గుర్తింపు కార్డుల మీద ఉన్న మాట అది. మురుగులో దిగి చచ్చిపోయినవాళ్ల ఉద్యోగం పేరు అది. పుట్టుకతో నెత్తిన పెట్టిన పని అవమానం. అదే పని ఇష్టంతో, వంతులవారీగా, గౌరవంతో చేస్తే బాధ్యత. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా పేరు కులం.

రాజగృహంలో సునీతుడు వీధులూడ్చేవాడు. భగవానుడు భిక్షుసంఘంతో వస్తుంటే ఎక్కడ తగులుతానో అని గోడకి అతుక్కుని నిలబడ్డాడు. భగవానుడు దారి మార్చుకోలేదు, తిన్నగా అతని దగ్గరకే వెళ్లాడు. ఈ బతుకు వదిలి సంఘంలోకి వస్తావా అని అడిగాడు. దారి అంచున నిలబడినవాడి దగ్గరకి వెళ్లడమే భగవానుడి నడక. నలభై అయిదేళ్లు ఆయన దారుల మీద తిరిగింది ముందు నడవడానికి మాత్రమే కాదు, వెనకబడినవాళ్లని కలుపుకోవడానికి.

మన సమాజానికి ఇప్పుడు ముందు పరిగెత్తేవాళ్లు ఉన్నారు. ఉద్యోగాలు వచ్చినవాళ్లున్నారు, పట్నంలో ఇల్లు కట్టినవాళ్లున్నారు. సంతోషం. వెనక వచ్చేవాళ్లు తక్కువైపోయారు. సెలక్షన్ పోయిన పిల్లాడి తలుపు తట్టేవాడు, పదో తరగతి తప్పిన పిల్లని మళ్లీ కట్టించేవాడు, మందుకి అలవాటుపడ్డ తమ్ముడి పక్కన కూచునేవాడు కావాలి. బాబాసాహెబ్ ఎంత ముందుకి వెళ్లినా చివరి మనిషి కోసమే వెళ్లారు. చివరి మనిషి చేరేదాకా మన పరుగు పూర్తి కాదు.

ఆ దారి ఎవరు వేశారు?

ఇంకొక్క మాట. మన్యంలో మీరు పరిగెత్తబోయే కాలిబాట పరుగుల కోసం వేసింది కాదు. కొండరెడ్లు, కోయలు సంతకి సరుకు మోసుకెళ్లి, ఊటనీళ్లు తెచ్చుకుని, పోడుకి వెళ్లి వచ్చి, తరాలుగా కాళ్లతో వేసిన దారి అది. 1882 మద్రాసు అటవీ చట్టం వాళ్ల అడవిలోనే వాళ్లని దోషుల్ని చేసింది. ఆ కడుపుమంట నుంచే 1922-24 మన్యం తిరుగుబాటు వచ్చింది. వాళ్ల హక్కుని ఒప్పుకున్న అటవీ హక్కుల చట్టం 2006లో గాని రాలేదు. వాళ్లు బతకడానికి నడిచే దారిలో మనం ఇష్టంకొద్దీ పరిగెడుతున్నామన్న ఎరుక ఉండాలి. మోపు ఎత్తుకుని ఎదురొచ్చే అమ్మకి దారివ్వండి. పడేసిన ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా అడవిలో మిగలనివ్వకండి. మనకి దారివ్వనివాళ్ల మీద పోరాడి వచ్చిన మనం, ఇంకొకరి దారికి అడ్డు కాకూడదు.

ఆచరణ

వచ్చే పున్నమిలోపు ఈ పనులు మొదలుపెట్టండి.

ఒకటి. ప్రతి విహారం, ప్రతి అంబేద్కర్ భవనం దగ్గర వారానికి ఒక రోజు తెల్లారగట్ల త్రిశరణ పంచశీలాల తరవాత అందరూ కలిసి నడవాలి. చేతనైనవాళ్లు పరిగెత్తాలి. ఆడపిల్లలు కూడా రావాలి. వాళ్లకి తోడుగా అక్కలు, పిన్నులు నడవాలి.

రెండు. వరసగా ఒకరు ఆ వారం స్వీపరుగా వెనక రావాలి. అధ్యక్షుడికీ, టీచరు గారికీ, ఇంజినీరు గారికీ అందరికీ వంతు రావాలి.

మూడు. వాడని బూట్లు, చెప్పులు ఒకచోట చేర్చి లేనివాళ్లకి ఇవ్వాలి.

నాలుగు. ఏడాదికి ఒక్కసారైనా గుంటుపల్లి కొండకి గాని, కోనసీమలో ఆదుర్రు స్తూపానికి గాని ధమ్మయాత్రగా వెళ్లాలి. గుంటుపల్లిలో క్రీస్తు పూర్వమే రాతిలో తొలిచిన గుండ్రని చైత్యం ముందు నిలబడితే, ఈ కొండదారుల్లో మనకంటే ముందు నడిచిన పాదాలు ఎవరివో అర్థమవుతుంది.

ఐదు. ఈ ఏడాది సెలక్షన్లలో పోయిన పిల్లలందరినీ పేరుపేరునా కలవండి. "ఏమైంది?" అని అడగకండి. "రేపు పొద్దున్న నడకకి వస్తున్నావుగా?" అని అడగండి.

తీగ బిగించి తెంపుకోవద్దు, వదిలేసి మూగబోనివ్వొద్దు. మీ ప్రయత్నం సమంగా పలకాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!